మావోరి స్వాగతం ప్యాకేజీ: విజయనగరం బడులు ఏది తీసుకోవాలి, ఏది వద్దనాలి

విజయనగరంలో పెళ్ళిళ్ళకు, పుట్టినరోజులకు స్టేజీలు కట్టే ఒక సంస్థ ప్రైమరీ బడుల వార్షికోత్సవాలకని ‘విదేశీ స్వాగతం’ ప్యాకేజీ ఒకటి ఇస్తోంది. న్యూజిలాండ్ మావోరి జనం అతిథుల్ని ఆహ్వానించే పద్ధతిలో ముఖ్య అతిథిని బడిలోకి తీసుకురావడం అందులోని ఆకర్షణ. 18,000 రూపాయలకు 20 అడుగుల వెడల్పు స్టేజీ, షామియానా, రెండు కార్డ్‌లెస్ మైకులతో సౌండ్ సెట్టు, వెనక ఫ్లెక్సీ, 16 మంది పిల్లలకు డ్రెస్సులు, నాలుగు రోజులు గంట చొప్పున డ్యాన్స్ మాస్టారు, ఒక యాంకర్ వస్తారు. పూలు, టిఫిన్లు, మొమెంటోలు మనవే.

ఒక బడి వార్షికోత్సవంలో ఈ ప్యాకేజీ నడిచిన తీరు చూశాక చెబుతున్న మాటలివి. సామాను భాగాన్ని నమ్మకంగా తీసుకోవచ్చు. స్వాగతం భాగాన్ని మాత్రం వాళ్ళు ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకోకూడదు. మావోరి స్వాగతంలోని అసలు పట్టు జారిపోయి, పైన డ్రెస్సూ అరుపులూ మిగిలాయి. ఆ పట్టు తిరిగి తెచ్చుకుంటే మన బడులకు ఇది ఎంతో పనికొస్తుంది. కాబట్టే కాస్త వివరంగా రాస్తున్నాం.

సామాను సంగతి రెండు ముక్కల్లో. షామియానా చిరుగుల్లేకుండా ఉంది, స్టేజీ పలకలు కదలవు, మెట్లకు ఒకవైపు పట్టుకునే కడ్డీ కూడా ఇచ్చారు. ఒకటో తరగతి పిల్లలు ఎక్కే స్టేజీకి ఆ కడ్డీ తప్పనిసరి. మైకుల్లో పాత బ్యాటరీలు వేసుకొచ్చే అలవాటుంది, సభ మొదలయ్యే ముందు మన కళ్ళముందే కొత్తవి వేయించుకోవాలి. స్పీకర్లు స్టేజీ అంచుకు ముందుగా ఉండాలి. పిల్లలు మైకు పట్టుకుని స్పీకరు ముందుకు వెళ్ళారంటే కీచుమని అరుస్తుంది, వాళ్ళు బెదిరిపోయి పాట మరిచిపోతారు.

ఇక స్వాగతం. మావోరి భాషలో దీన్ని పోఫిరి అంటారు. ఇంగ్లిషు లిపిలో డబ్ల్యూ, హెచ్ కలిసి వచ్చిన చోట చాలా ప్రాంతాల్లో వాళ్ళు ఇంచుమించు ‘ఫ’ అని పలుకుతారు. యాంకర్ మొదటి నుంచి చివరిదాకా ‘పోవ్‌హిరి’ అన్నారు, ఫ్లెక్సీ మీదా అలాగే అచ్చయింది. ప్రింటుకు వెళ్ళకముందే ఫ్లెక్సీ ప్రూఫ్ వాట్సాప్‌లో తెప్పించుకుని చూసుకోండి.

పోఫిరి వరస ఇలా ఉంటుంది. అతిథులు గేటు బయట గుంపుగా ఆగుతారు. పిలుపు వచ్చేదాకా లోపల అడుగు పెట్టరు. ఇంటివారి వైపు నుంచి ఒక స్త్రీ గొంతెత్తి పిలుస్తుంది. దాన్ని కరంగ అంటారు. అతిథుల వైపు నుంచి మరో స్త్రీ బదులు పలుకుతుంది. ఆ పిలుపుల నడుమ అతిథులు మెల్లగా నడిచి వస్తారు, మధ్యలో ఒకచోట ఆగి, గతించినవారిని తలుచుకుంటారు. తర్వాత రెండు వైపులవారూ ఎదురెదురుగా కూర్చుంటారు. ప్రసంగాలు మొదలవుతాయి. ఒక్కో ప్రసంగం అవగానే మాట్లాడినవారి తరఫువాళ్ళు లేచి పక్కన నిలబడి ఒక పాట పాడతారు. అతిథుల్లో చివర మాట్లాడినవారు కోహ అనే కానుకను నేలమీద ఉంచుతారు, ఇంటివారు వచ్చి తీసుకుంటారు. ఆపైన ఒకరి తర్వాత ఒకరు ముక్కూ నుదురూ ఆనించి ఊపిరి పంచుకుంటారు. అది హోంగి. ఆఖరున అందరూ కలిసి తింటారు. అప్పటిదాకా ఉన్న తపు, అంటే కట్టుబాటు, తిండితో విడిపోతుంది. వచ్చినవాళ్ళు అక్కడి నుంచి పరాయివాళ్ళు కారు.

ఇందులో అతిథికి ఎన్ని పనులున్నాయో గమనించండి. ఆగాలి, బదులు పలకాలి, మాట్లాడాలి, పాడాలి, కానుక పెట్టాలి, కలిసి తినాలి. మన సభల్లో అతిథికి ఉన్న పనల్లా కుర్చీలో కూర్చుని శాలువా కప్పించుకోవడం. ఈ ప్యాకేజీవాళ్ళు పోఫిరిని కూడా ఆ అచ్చులోనే పోశారు. అతిథి ఏమీ చేయరు, పిల్లలు ఆయన ముందు ఆడిపాడతారు, అంతే.

మొదటి తప్పు గేటు దగ్గరే. కార్యక్రమం పది గంటలకైతే పిల్లల్ని తొమ్మిదిన్నరకే రెండు వరసల్లో ఎండలో నిలబెట్టమని ప్యాకేజీ షీట్‌లో రాసి ఉంది. ముఖ్య అతిథి పదకొండుకు వస్తే ఆ పిల్లలు గంటన్నర నిలబడినట్టు. ఫిబ్రవరి, మార్చి ఎండకు ఉదయం టిఫిన్ తినకుండా వచ్చిన పిల్ల కళ్ళు తిరిగి పడిపోతుంది. అందరు టీచర్లకూ తెలిసిన సంగతే ఇది. పోఫిరిలో ఇది పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆగేది అతిథి. పిల్లలు షామియానా కింద చాపల మీద కూర్చునే ఉండాలి, కారు ఆగాక లేచి రెండు నిమిషాల్లో సర్దుకోవాలి, అప్పుడు పిలుపు వెళ్ళాలి. దీనికోసం ముందురోజు హెచ్‌ఎం ఒక ఫోన్ చేస్తే సరిపోతుంది: “సార్, రేపు గేటు దగ్గర ఒక ఐదు నిమిషాలు ఆగండి సార్. పిల్లలే పిలుస్తారు, పిలిచాక లోపలికి రండి. మీ తరఫున ఒక మేడమ్ బదులు పలకాలి, ఎవరు పలుకుతారో కాస్త చెప్పండి.” ఇలా చెబితే ఎంఈవోలైనా, సర్పంచులైనా నొచ్చుకోరు. చెప్పకుండా గేటు దగ్గర ఆపితేనే నొచ్చుకుంటారు.

రెండో తప్పు కరంగ. ప్యాకేజీలో దీన్ని పెన్‌డ్రైవ్‌లోంచి స్పీకర్ మీద వేశారు. కరంగ అనేది ఆ క్షణంలో, ఆ వచ్చినవారిని ఉద్దేశించి, ఒక మనిషి గొంతు పిలిచే పిలుపు. వచ్చినవారు ఎవరో, ఏ నేల నుంచి వచ్చారో, వాళ్ళతో పాటు తలుచుకోవాల్సిన పెద్దలెవరో అందులో ఉంటాయి. రికార్డు వేస్తే అది ఎవర్ని పిలుస్తున్నట్టు? పైగా పరాయి కుటుంబం పిలుపును మన గేటు దగ్గర మోగించడం మర్యాద కాదు. మావోరి మాటల జోలికి పోకుండా తెలుగులోనే పిలవండి. అయిదో తరగతి అమ్మాయో, తల్లుల కమిటీలో గొంతున్న ఒకావిడో, మైకు లేకుండా పిలవాలి. వచ్చినవారి ఊరి పేరు, ఆ ఊరి ఏటి పేరు చెప్పి “రండి” అనాలి. అతిథుల వైపు మేడమ్ “వస్తున్నాం” అని బడి పేరు చెప్పి బదులివ్వాలి. నలభై సెకన్లు పట్టదు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల తెరిచిన ఊరు మనది. ఇక్కడ పిలవగలిగే గొంతులకు కరువు లేదు.

మూడోది, అన్నింటికన్నా పెద్దది, హకా, అంటే కాళ్ళు నేలకు తాటిస్తూ గొంతెత్తి పలుకుతూ గుంపుగా వేసే మావోరి నృత్యం. స్టేజీ మీద పిల్లలు వేసింది న్యూజిలాండ్ రగ్బీ జట్టు ఆటకు ముందు వేసే ‘క మాతె’. అది స్వాగతం పాట కాదు. న్గాతి తోవా తెగ నాయకుడు తె రౌపరహా 1820 ప్రాంతంలో, వెంటాడుతున్న శత్రువుల నుంచి గోతిలో దాక్కుని ప్రాణం దక్కించుకున్నాక కట్టినదిగా చెబుతారు. చావా, బతుకా అనేది అందులోని మాట. దానిమీద ఆ తెగ పేరు చెప్పి తీరాలన్న హక్కును గుర్తిస్తూ 2014లో న్యూజిలాండ్ పార్లమెంటు చట్టమే చేసింది. బడిలో వేస్తే ఎవరూ కేసు పెట్టరు గాని, అయిదేళ్ళ పిల్లల చేత చావుబతుకుల పాట వేయించి దాన్ని స్వాగతం అనడం ఆ జనానికీ న్యాయం కాదు, మన పిల్లలకూ కాదు. ఎక్కడైనా నేర్పాల్సి వస్తే ఎవరిదో, ఎందుకు కట్టారో యాంకర్ ముందు చెప్పాలి.

స్వాగతానికి వాళ్ళకు వేరే హకాలున్నాయి. పడవను ఒడ్డుకు లాగుతున్నట్టు, వచ్చినవాళ్ళను తాడుతో తమవైపు తెచ్చుకుంటున్నట్టు ఉంటాయి వాటి మాటలు. ఇది చదివిన శ్రీకాకుళం తీరం టీచర్లకు వెంటనే ఒకటి తడుతుంది. భావనపాడులోనో, కళింగపట్నంలోనో తెప్పను ఇసుక మీదికి లాగేటప్పుడు పాడే హైలెస్సా ఆ పిల్లలకు పుట్టుకతో వచ్చినదే. మోకు పట్టుకుని పన్నెండు మంది పిల్లలు హైలెస్సా అంటూ అతిథిని గేటు నుంచి స్టేజీ దాకా ‘లాక్కొస్తే’, భావం అదే, మాట మనదే. మోకు కనీసం 30 అడుగులుండాలి, నూలుది తీసుకోవాలి, కొబ్బరి పీచు తాడు చేతులు కోస్తుంది. మెట్ట ప్రాంతం బడులైతే తప్పెటగుళ్ళ బృందాన్ని పిలుచుకోవచ్చు. రొమ్ముకు కట్టిన ఆ రేకు తప్పెటల మోత దగ్గర్నుంచి చాలా పెద్దగా ఉంటుంది, చిన్నపిల్లల్ని పదిహేను అడుగుల దూరంలో ఉంచండి.

వేరో అనే సవాలు ఘట్టం కూడా ప్యాకేజీలో ఉంది. పెద్ద అతిథులు వచ్చినప్పుడు ఆయుధం పట్టిన యోధుడు ముందుకొచ్చి, ఒక ఆకో, చెక్క ముక్కో నేలమీద పెడతాడు. అతిథి తరఫున ఒకరు కళ్ళు దించకుండా దాన్ని తీసుకుంటే శాంతితో వచ్చినట్టు. ఇక్కడ ఒక పిల్లవాడు ప్లాస్టిక్ బరిసెతో అతిథి మొహం దాకా దూసుకొచ్చాడు, ఆయన వెనక్కి తగ్గారు, జనం నవ్వారు, పిల్లవాడికి ఏం చేయాలో పాలుపోలేదు. నేలమీద పెట్టినదాన్ని ఎవరూ తీయలేదు, ఎవరికీ చెప్పలేదు గనక. ప్రైమరీ స్థాయిలో ఇది తీసేయమని నిక్కచ్చిగా చెప్పండి.

డ్రెస్సులు. మావోరి పియుపియు లంగాను హరకేకే అనే నారమొక్క ఆకులతో చేస్తారు, ఎండిన ఆకులు గొట్టాల్లా చుట్టుకుని నడిస్తే టకటకమంటాయి. అద్దెకిచ్చినవి నలుపు, తెలుపు ప్లాస్టిక్ రిబ్బన్ల లంగాలు. నడుముకు బిగించే ఎలాస్టిక్ వదులై, కింద ఉన్న నిక్కరు మీద ఊగుతున్నాయి. పిన్నీసులు పెట్టుకోవాలి. వీటితో ఉన్న అసలు ప్రమాదం జ్యోతి ప్రజ్వలన. ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టుకున్న పిల్లల్ని వెలుగుతున్న కుందికి రెండడుగుల దూరంలో నిలబెట్టారు. ఈ డ్రెస్సు వేసిన పిల్లలు దీపం దగ్గరికి, హారతి దగ్గరికి రాకూడదు. బకెట్ నీళ్ళు, తడి గోనె స్టేజీ పక్కన ఉండాలి. మొహాలకు నల్లరంగుతో గీతలు గీయడం మాత్రం వద్దే వద్దు. మావోరి మొహం మీది మోకో అనే పచ్చబొట్టు ఆ మనిషి వంశాన్ని చెప్పే గుర్తు, వేషం కాదు. ఆ రంగు పిల్లల చెంపల మీద దురద కూడా పెట్టింది. ఇప్పటికే పూసి ఉంటే కొబ్బరినూనె రాసి, పది నిమిషాలయ్యాక మెత్తటి గుడ్డతో తుడిచేయండి. సబ్బుతో రుద్దితే చర్మం ఇంకా ఎర్రబడుతుంది.

పొయ్ మాత్రం తీసుకోదగినది. తాడు చివర బంతి కట్టి రెండు చేతులా తిప్పే ఆట. అక్కడి బడుల్లో పిల్లలు పొయ్ సొంతంగా చేసుకుంటారు. ప్యాకేజీవి నైలాన్ తాడుకు గట్టి స్పాంజి బంతులు. నైలాన్ చెమట చేతుల్లో జారుతుంది, పట్టుకునే చివర ముడి లేదు. రిహార్సల్‌లో మూడు బంతులు ప్రేక్షకుల్లో పడ్డాయి, ఒకటి పిల్ల ముక్కుకు తగిలింది. అద్దెకు తీసుకోకుండా బడిలోనే చేయించండి. ఒక్కో పొయ్‌కు కమలాపండంత స్పాంజి ముక్కో, నలిపిన న్యూస్‌పేపరో కావాలి. దానిమీద పాత చున్నీ గుడ్డ చుట్టి, మెడ దగ్గర నూలుతో బిగించాలి. తాడు ఊలుతో మూడు పాయల జడ. చిన్న పొయ్‌కు తాడు పిల్ల మణికట్టు నుంచి వేలి కొస దాకా ఉంటే చాలు. భుజం దాకా ఉండే పొడుగు తాళ్ళు ప్రైమరీ పిల్లలకు వద్దు, మెడకు చుట్టుకుంటాయి. పట్టుకునే కొసన రెండు ముళ్ళు వేయడం మరవకండి, బంతి ఎగిరిపోకుండా ఆపేది ఆ ముళ్ళే. చేతులు చాచితే ఒక్కో పిల్లకు నాలుగడుగులు కావాలి. అంటే 20 అడుగుల స్టేజీ మీద వరసకు ఐదుగురు, వెనక వరస సందుల్లో నలుగురు, మొత్తం తొమ్మిది మంది. ప్యాకేజీవాళ్ళు 16 మందిని ఎక్కించారు, బంతులు ఒకదానికొకటి చుట్టుకున్నాయి. మిగతా పిల్లల్ని స్టేజీ కింద నేలమీద నిలబెడితే అందరికీ చోటుంటుంది.

డ్యాన్స్ మాస్టారి నాలుగు గంటలు చాలవు. ఆయన ఓపికగా నేర్పుతారు, పిల్లల మీద కేకలు వేయరు. ఆ గంటల్ని హకా మీద కాకుండా పొయ్ మీద, పాట మీద పెట్టమని ముందే అడగండి, ఒప్పుకుంటారు.

ప్రసంగాల దగ్గర పోఫిరి నుంచి తెచ్చుకోవాల్సిన మంచి అలవాటు ఒకటుంది. పాట లేని ప్రసంగం అక్కడ పూర్తయినట్టు కాదు. మనకు ఆరుగురు అతిథులు వరసగా మాట్లాడతారు, ఆ తర్వాత పిల్లల కార్యక్రమాలు. అప్పటికే ఒకటో తరగతి నిద్రలో ఉంటుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, వెంటనే ఒక పాట. సర్పంచ్ మాట్లాడితే ఊరి పెద్దల పాట, తల్లుల కమిటీ తరఫున మాట్లాడితే తల్లుల పాట, హెచ్‌ఎం మాట్లాడితే టీచర్ల పాట. పాట పాడేవాళ్ళు వక్త పక్కన నిలబడాలి, స్టేజీ మరో మూల కాదు. తన పక్కన జనం లేచి నిలబడతారని తెలిస్తే వక్త మాట తగ్గించుకుంటారు. ఈ మార్పుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు, యాంకర్ చేతిలోని కాగితం మారితే చాలు.

కోహ కూడా ఆలోచించదగ్గదే. మనం అతిథులకు మొమెంటోలు, శాలువాలు, బొకేలు కొంటాం. పోఫిరిలో కానుక తెచ్చేది అతిథులు. పిలిచేటప్పుడే “బడి లైబ్రరీకి రెండు కథల పుస్తకాలు తెస్తే చాలు సార్” అని చెప్పవచ్చు. పిల్లల ముందు కింద పరచిన కొత్త తువ్వాలు మీద వాటిని పెట్టి, ఒక పిల్ల వచ్చి తీసుకుంటే చూడ్డానికీ బాగుంటుంది. హోంగిని మాత్రం అనుకరించవద్దు. ప్యాకేజీలో అది లేకపోవడం మంచిదైంది. మన నమస్కారం ఉంది కదా.

అన్నట్టు, మన సొంత స్వాగతంలో కూడా ఇదే సభలో ఒక పొరపాటు జరిగింది. ఎర్రనీళ్ళ పళ్ళెంలోకి కుంకుమ రంగుపొడి కలిపారు. అది అతిథి తెల్లచొక్కా మీద చిందితే పోదు. ఎర్రనీళ్ళంటే పసుపూ సున్నమూ. లీటరు నీళ్ళకు చెంచా పసుపు వేసి కలిపి, తమలపాకు మీద వేసుకునేంత సున్నం కొద్దికొద్దిగా వేస్తే కళ్ళముందే ఎర్రబడుతుంది. పసుపులోని రంగు సున్నంలాంటి క్షారం తగిలితే ఎరుపుకు తిరుగుతుంది. సైన్సు టీచరుకు ఇది మంచి పాఠం కూడా. సున్నం కళ్ళలో పడితే మంట కాబట్టి పళ్ళెం పెద్దవాళ్ళే పట్టుకోవాలి. దారిలో పరిచే బంతిపూలు రేకలుగా తుంచి చల్లండి, 30 అడుగుల దారికి కిలో సరిపోతుంది. మొత్తం పువ్వులు పరిస్తే చెప్పుల కింద జారతాయి.

తిండి దగ్గర మళ్ళీ ప్యాకేజీ తప్పు కాదు, మన తప్పు. అతిథులకు హెచ్‌ఎం గదిలో అట్టపెట్టెల్లో పఫ్, కేకు, కూల్‌డ్రింకు. పిల్లలకు వరండాలో మధ్యాహ్న భోజనం. పోఫిరి ముగిసేదే కలిసి తినడంతో. అతిథుల్ని పిల్లల వరసలో కూర్చోబెట్టి, అదే అన్నం, అదే పప్పు, అదే గుడ్డు వడ్డించండి. ఆ రోజుకి ఒక జంతికల బుట్టో, బెల్లం సున్నుండలో అదనంగా ఉంటే చాలు.

అన్నింటికన్నా ముఖ్యమైనది ప్యాకేజీలో లేనే లేదు. న్యూజిలాండ్ బడులు రోజువారీ చేసేది పెద్ద పోఫిరి కాదు, దానికన్నా తేలికైన మిహి ఫకతౌ. అది ఎక్కువగా కొత్త పిల్లల కోసం, కొత్త టీచర్ల కోసం. అక్కడ పిల్లలు సాధారణంగా అయిదో పుట్టినరోజు చుట్టూ బడిలో చేరతారు కాబట్టి కొత్తవాళ్ళు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. ఒక విడత కొత్తవాళ్ళందర్నీ తల్లిదండ్రులతో సహా ఒకచోట కూర్చోబెట్టి, ఎదురుగా పాత పిల్లలు కూర్చుని, రెండు మాటలు, రెండు పాటలు, తర్వాత తిండి. ఆ రోజు అతిథులుగా వచ్చిన పిల్లలు మరోసారి స్వాగతం జరిగేటప్పుడు ఇంటివారి వైపు నిలబడతారు. పిల్లలు అక్కడ చెప్పే పెపెహాను కూడా మనం తెచ్చుకోవచ్చు. తన పేరు కన్నా ముందు తన కొండ, తన ఏరు చెప్పడమే పెపెహా. నెల్లిమర్ల పిల్ల చెబితే ఇలా ఉంటుంది: “మా కొండ రామతీర్థం బోడికొండ. మా ఏరు చంపావతి. మాది నెల్లిమర్ల. నేను ఫలానా.” సాలిహుండం వైపు పిల్లవాడికి కొండ సాలిహుండం, ఏరు వంశధార. శ్రీకాకుళం పట్నం పిల్లకు నాగావళి. ఒక్కొక్కరికి పదిహేను సెకన్లు, ఇరవై మంది ఐదు నిమిషాల్లో అయిపోతారు. ఏటి పేరు తెలియని పిల్లలు ఇంటికెళ్ళి తాతనో, మామ్మనో అడిగి రావాలి. దానికి రెండు రోజులు ముందు చెప్పండి.

మన దగ్గర వేసవి సెలవుల తర్వాత జూన్‌లో బడి తెరిచినరోజు ఒకటో తరగతి పిల్లలు గేటు పట్టుకుని ఏడుస్తుంటారు. వార్షికోత్సవానికి పెట్టే శ్రద్ధలో పావు వంతు ఆరోజు పెట్టాలి. రెండో తరగతి పిల్లలు పిలవాలి, తల్లులు బదులు పలకాలి, ఒక పాట, ఒక సున్నుండ, అంతే. స్టేజీ అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, ఎవరికీ 18,000 కట్టక్కర్లేదు.

వార్షికోత్సవానికి ఈ సంస్థను పిలవాలనుకుంటే స్టేజీ, షామియానా, సౌండ్, మాస్టారి గంటలు మాత్రం విడిగా మాట్లాడుకోండి. డ్రెస్సులు, హకా ట్రాకు, మొహం రంగులు వద్దంటే రేటు తగ్గిస్తారు, గట్టిగా అడగాలి. మూడు వారాల ముందు చెప్పండి. ఫిబ్రవరిలో పెళ్ళి ముహూర్తాలున్న రోజుల్లో వీళ్ళ షామియానాలు దొరకవు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు స్టేజీ మెట్ల కడ్డీ, కొత్త బ్యాటరీలు, ఫ్లెక్సీ ప్రూఫ్ ఈ మూడూ రసీదు మీద రాయించుకోండి.